ఉప్పల్ నుంచి మెల్‌బోర్న్ దాకా: దేశదేశాల స్టేడియాలను పోల్చి చూడడం ఎలా?

స్టేడియాల మాట వస్తే ముందు దొర్లేది సీట్ల లెక్క. అహ్మదాబాద్ మోతెరాలో 1,32,000 మంది పడతారు, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ లక్ష దాటుతుంది, మన ఉప్పల్ సుమారు 39 వేలు. ఆ తర్వాత డ్రోన్ ఫొటోలు. ఈ రెండింటితో స్టేడియం గురించి తెలిసేది చాలా తక్కువ. డ్రోన్ ఎక్కి ఎవరూ మ్యాచ్ చూడరు కదా!

నన్నడిగితే స్టేడియాన్ని అంచనా కట్టాల్సింది అన్నిటికన్నా చౌక టికెట్ సీట్లో కూర్చుని. కార్పొరేట్ బాక్సులు ఏ దేశంలోనైనా ఇంచుమించు ఒకటే: ఏసీ, సోఫా, బఫే. అసలు తేడాలు బయటపడేది తక్కువ రేటు గ్యాలరీలో. ఆ టికెట్ కొన్న మనిషి ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి మళ్లీ ఇల్లు చేరేదాకా ఏమేం పడతాడో వరసగా రాసుకుంటే ఏ రెండు స్టేడియాలనైనా పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఆ వరసలోనే వెళ్దాం.

1. జత సరిగ్గా కుదుర్చుకోండి

పోలిక పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఫుట్‌బాల్ మైదానం సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. మగవాళ్ల అంతర్జాతీయ క్రికెట్‌లో బౌండరీ పిచ్ మధ్య నుంచి 65 గజాలకు తగ్గకూడదు, 90 గజాలు దాటకూడదు. పాత మైదానాలకు కొంత మినహాయింపు ఉంది. అంటే క్రికెట్‌లో ఇటు తాడు నుంచి అటు తాడుకే సుమారు 120 నుంచి 160 మీటర్లు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ గ్రౌండ్ ఫొటో చూసి, ఈడెన్ గార్డెన్స్‌ని పక్కన పెట్టి, 'మనవాళ్లకు ప్రేక్షకుణ్ని ఆటకు దగ్గరగా కూర్చోబెట్టడం రాదు' అనేస్తే అన్యాయం. ఆ దూరం ఆట పెట్టింది, ఇంజినీరు పెట్టింది కాదు.

క్రికెట్‌ను క్రికెట్‌తో, ఫుట్‌బాల్‌ను ఫుట్‌బాల్‌తో పోల్చండి. అన్ని ఆటలకూ కట్టిన స్టేడియాలను వేరే గంపలో వేయండి. గచ్చిబౌలి స్టేడియంలో ఫుట్‌బాల్ చూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు: సీటుకూ మైదానానికీ మధ్య రన్నింగ్ ట్రాక్ ఉంటుంది. లండన్‌లో 2012 ఒలింపిక్స్‌కు కట్టిన స్టేడియానికి 2016లో వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ క్లబ్ మారినప్పుడు దాని అభిమానుల ఫిర్యాదూ ఇదే.

మ్యాచ్ స్థాయి కూడా సరిపోవాలి. అక్కడి ఫైనల్‌ను ఇక్కడి రంజీ మ్యాచ్‌తో పోలిస్తే రెంటికీ నష్టమే.

సీట్ల లెక్క దగ్గర ఇంకో మెలిక ఉంది. జర్మనీలో డార్ట్‌మండ్ స్టేడియం సొంత లీగ్ మ్యాచ్‌లకు 81 వేల పైచిలుకు మందిని పట్టేది. అదే స్టేడియం చాలా ఏళ్లపాటు యూరప్ పోటీలప్పుడు మాత్రం సుమారు 66 వేలకు పడిపోయేది. ఆ పోటీల్లో అందరూ కూర్చునే చూడాలన్న నియమం వల్ల, నిలబడే చోట కుర్చీలు బిగించాల్సి వచ్చేది. బ్రెజిల్‌లోని మారకానాలో 1950 ప్రపంచకప్ ఆఖరి మ్యాచ్‌ను దాదాపు 2 లక్షల మంది చూశారంటారు. ఇప్పుడక్కడ 80 వేల మంది కూడా పట్టరు. చోటు తగ్గింది కాబట్టి స్టేడియం దిగజారిందనలేం. మనిషికి దక్కే చోటు పెరిగింది.

2. ముందు మ్యాప్ తెరవండి

సీటు గురించి ఆలోచించే ముందు ఆ స్టేడియం ఊళ్లో ఎక్కడుందో చూడండి. మ్యాప్‌లో స్టేడియం చుట్టూ కిలోమీటరు గీత గీసుకుని, అందులో రైలు, మెట్రో స్టేషన్లు ఎన్ని ఉన్నాయో, పార్కింగ్ ఎంత మేర ఆక్రమించిందో గమనించండి. ఆ దేశం ప్రేక్షకుణ్ని ఎలా రమ్మంటోందో అర్థమైపోతుంది.

మెల్‌బోర్న్ గ్రౌండ్‌కు రిచ్‌మండ్, జోలిమాంట్ అనే రెండు రైల్వే స్టేషన్లు నడిచేంత దగ్గర్లో ఉన్నాయి. పార్కులోంచి జనం గుంపులుగా నడుస్తూ వస్తారు, మ్యాచ్ అక్కడే మొదలైపోయినట్టు ఉంటుంది. లాస్ ఏంజిలెస్‌లోని డాడ్జర్ స్టేడియం 1962 నాటిది. 56 వేల సీట్లకు 16 వేల కార్ల పార్కింగ్! పైనుంచి చూస్తే స్టేడియం కన్నా పార్కింగే పెద్దది. ముంబై వాంఖడే లోకల్ రైలు పట్టాల పక్కనే ఉంటుంది. ఉప్పల్‌కు మెట్రో వచ్చాక 'స్టేడియం' పేరుతోనే ఒక స్టేషన్ పెట్టారు, దాంతో సగం కష్టం తీరింది.

మీ కాగితంలో ఒక ప్రశ్న తప్పక ఉండాలి: మ్యాచ్ టికెట్‌లో ప్రయాణం కలిసి ఉందా? జర్మనీలో చాలా క్లబ్బుల టికెట్ చూపిస్తే ఆ రోజు ఊళ్లో రైలు, బస్సు ఉచితం. చెన్నైలో 2023 ఐపీఎల్‌కు టికెట్ ఉన్నవాళ్లను మెట్రోలో ఉచితంగా ఎక్కించుకున్నారు. ఖర్చు మిగలడం ఒక్కటే కాదు దీని లాభం. వేల బైకులు, కార్లు రోడ్డెక్కవు.

3. టికెట్ ఎవరికి దొరుకుతోంది, ఎంతకు

డాలర్లను రూపాయల్లోకి మార్చి పోల్చకండి, ఏమీ తేలదు. దానికన్నా పనికొచ్చేది సినిమా టికెట్ కొలత. ఆ ఊళ్లో ఒక మామూలు సినిమా టికెట్ రేటు కనుక్కుని, మ్యాచ్‌లో అతి చౌక టికెట్ దానికి ఎన్ని రెట్లుందో చూడండి. రెండు మూడు రెట్లుంటే మామూలు కుటుంబం అప్పుడప్పుడైనా వెళ్లగలదు. పది రెట్లు దాటితే ఆ స్టేడియం ఎవరికోసమో ఇక చెప్పక్కర్లేదు.

రేటు తర్వాత చూడాల్సింది పద్ధతి. మొత్తం సీట్లలో ఎన్ని పాసులకు, సభ్యులకు పోతున్నాయి? ఆన్‌లైన్‌లో కొన్నాక మళ్లీ కౌంటర్‌కు వెళ్లి కాగితం టికెట్ తెచ్చుకోవాలా? హైదరాబాద్‌లో 2022 సెప్టెంబరులో భారత్–ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం జింఖానా మైదానంలో తొక్కిసలాట జరిగి జనం గాయపడ్డారు. స్టేడియం ముఖం కూడా చూడకముందే జరిగిందది. అయినా మన లెక్కలో అదీ ప్రేక్షకుడి అనుభవమే.

జర్మనీలో '50+1' అనే నియమం వల్ల క్లబ్బులో ఎక్కువ ఓట్లు సభ్యుల చేతిలో ఉంటాయి, కొద్దిపాటి మినహాయింపులు తప్ప. నిలబడి చూసే టికెట్లు అక్కడ ఇప్పటికీ చౌకగా ఉండడానికి ఇదొక ముఖ్య కారణం. కుర్చీలు వేస్తే ఆదాయం పెరుగుతుందని తెలిసినా ఒప్పుకోని సభ్యులున్నారు మరి.

4. గేటు దగ్గర గడియారం చూసుకోండి

లైన్లో చేరిన నిమిషం, లోపల అడుగుపెట్టిన నిమిషం రాసుకోండి. చెకింగ్‌లో ఏమేం తీసేయిస్తున్నారో కూడా.

ఇక్కడ దేశాల మధ్య తేడా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మన దగ్గర నీళ్ల బాటిల్, పవర్ బ్యాంక్, ఒక్కోచోట చిల్లర నాణేలు కూడా బయటే వదలాలి. మెల్‌బోర్న్‌లో ఇంటి నుంచి తిండి తెచ్చుకోవచ్చు. లండన్‌లోని లార్డ్స్ క్రికెట్ మైదానంలో పరిమితికి లోబడి మద్యం కూడా వెంట తెచ్చుకోనిస్తారు. దీన్ని 'వాళ్లు క్రమశిక్షణ గలవాళ్లు, మనం కాదు' అని తేల్చేయడం సులువు. కానీ అదే ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వెళ్తే, మైదానం కనిపించే చోట కూర్చుని బీరు తాగడం నేరం. 1985లో చట్టం చేశారు. దేశం ఒకటే, మనుషులూ వాళ్లే. అప్పటికి ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్లో గొడవలు శ్రుతి మించాయి, క్రికెట్‌లో ఆ పరిస్థితి రాలేదు. అలాగే మన బాటిళ్ల భయానికి 1996 ప్రపంచకప్ సెమీఫైనల్ లాంటి రోజులు కారణం. ఈడెన్‌లో బాటిళ్లు పడి, మంటలు లేచి, మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశారు.

కాబట్టి ప్రతి నిషేధం పక్కన 'దీని వెనక ఏం జరిగింది?' అని ఒక గడి పెట్టుకోండి. ఇంకో గడి కూడా: బయటి నీళ్లు వద్దన్నప్పుడు లోపల ఉచిత నీళ్లు ఉన్నాయా? వద్దనడం ఒక ఎత్తు. వద్దని, అదే నీళ్లు రెండింతలకు అమ్మడం ఇంకో ఎత్తు.

గేటును తేలిగ్గా తీసుకోకూడదని బెంగళూరు గుర్తుచేస్తుంది. 2025 జూన్ 4న ఐపీఎల్ గెలుపు సంబరాలకు చిన్నస్వామి స్టేడియం బయట పోగైన జనంలో తొక్కిసలాట జరిగి 11 మంది చనిపోయారు.

5. సీటు: ఇక్కడ తొందరపడొద్దు

దూరం సంగతి ముందు. ఫుట్‌బాల్ స్టేడియాలు కట్టేవాళ్లు, సీటు నుంచి మైదానంలో అతి దూరపు మూల 190 మీటర్లు మించకూడదని లెక్కేస్తారు. అంతకు మించితే బంతి కంటికి సరిగా ఆనదు. క్రికెట్ బంతి ఇంకా చిన్నది, మైదానమేమో ఇంకా పెద్దది. తాడు అవతల నలభై, యాభై మీటర్ల వెనక పై వరసలో కూర్చుంటే, పెద్ద మైదానంలో ఎదుటి బౌండరీ 190 మీటర్లు దాటేస్తుంది. మెల్‌బోర్న్ మైదానమే సుమారు 170 మీటర్ల పొడవు, ఎందుకంటే అక్కడ ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ కూడా ఆడతారు. అక్కడి పై అంతస్తులో కూర్చుంటే ఫీల్డింగ్ అమరిక అద్భుతంగా కనిపిస్తుంది, స్వింగ్ మాత్రం తెర మీద చూడాల్సిందే. ఒక ఓవర్లో ఎన్నిసార్లు తెర వైపు తల తిప్పారో లెక్కపెట్టండి. ఏ నిపుణుడి నివేదిక కన్నా ఆ అంకె నిజం చెబుతుంది.

తర్వాత వాలు. బ్రిటన్‌లో క్రీడా మైదానాల భద్రత మీద 'గ్రీన్ గైడ్' అనే పుస్తకం ఉంది. సీట్ల వాలు 34 డిగ్రీలు మించొద్దని అందులో ఉంటుంది. మీరూ కొలవొచ్చు: మెట్ల పక్క రెయిలింగ్ మీద ఫోన్ పెట్టి లెవెల్ యాప్ తెరవండి. రెయిలింగ్ లేకపోతే ఒక వరస ఎంత ఎత్తుందో, ఎంత లోతుందో జానతో కొలిచినా సరే. 80 సెంటీమీటర్ల లోతుకు 54 సెంటీమీటర్ల ఎత్తుంటే అది 34 డిగ్రీలు. వాలు బాగా తక్కువైతే ముందువాడి తల అడ్డం, మరీ ఎక్కువైతే పెద్దవాళ్లు దిగలేరు. అర్జెంటీనాలో 1940 నాటి బోకా జూనియర్స్ మైదానం లా బొంబొనేరా చాలా నిటారుగా ఉంటుంది. ఇరుకు స్థలంలో కట్టాల్సి వచ్చి అలా పైకి లేపారు. జనం ఎగిరితే స్టాండ్లు కదులుతాయని పేరు. మా నాన్నలాంటివాళ్లను అక్కడి పై వరసకు తీసుకెళ్లమంటే నేను వెళ్లను.

ముందు కూర్చున్నవాళ్ల కళ్ల మీదుగా మీ చూపు ఎంత ఎత్తున వెళ్తుందో, దాన్ని 'సీ వాల్యూ' అంటారు. 90 మిల్లీమీటర్లుంటే హాయి, 60కి తగ్గితే మెడ చాచాలి. దీన్ని కొలిచే పరికరం అక్కర్లేదు. వీపు ఆనించి కూర్చోండి, దగ్గరి బౌండరీ తాడు కనిపిస్తోందా? కనిపిస్తే పాసు. ఆ తర్వాత ఆకాశంలోకి లేచిన క్యాచ్‌ను గమనించండి. పై అంతస్తు కప్పు అడ్డొచ్చి బంతి మాయమైతే ఆ వరసకు మార్కులు తగ్గించండి.

స్తంభాలు పాత స్టేడియాల జబ్బు. బోస్టన్‌లో 1912లో కట్టిన ఫెన్‌వే పార్క్ బేస్‌బాల్ స్టేడియంలో ఇప్పటికీ స్తంభాల వెనక సీట్లున్నాయి. అయితే చూపుకు అడ్డముందని చెప్పే అమ్ముతారు. లోపాన్ని దాచకపోవడం కూడా ఒక సదుపాయమే, నా లెక్కలో దానికి మార్కులుంటాయి.

ఇక కంచె. మన దేశంలో చాలా మైదానాల్లో ముందు వరసల వాళ్లు ఇనుప వలలోంచి మ్యాచ్ చూస్తారు. ఇంగ్లండ్‌లోనూ ఒకప్పుడు అలాగే ఉండేది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో కంచెలకూ వెనకనుంచి తోసుకొచ్చిన జనానికీ మధ్య నలిగి 97 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఘటన మీద విచారణ జరిపి మరుసటి ఏడాది ఇచ్చిన టేలర్ నివేదిక తర్వాత కంచెలు పోయాయి, పెద్ద క్లబ్బుల్లో నిలబడే గ్యాలరీలు కూడా పోయి అంతా కుర్చీలయ్యాయి. 2022 నుంచి మాత్రం వరసకో రెయిలింగ్ పెట్టి, నిలబడి చూసే చోట్లకు మళ్లీ అనుమతిస్తున్నారు. జర్మనీవాళ్లు ఆ అలవాటు ఎన్నడూ మానలేదు. డార్ట్‌మండ్ దక్షిణ స్టాండ్‌లో సుమారు 25 వేల మంది పసుపు రంగులో నిలబడే ఉంటారు. 'నిలబడితే ప్రమాదం, కూర్చుంటే భద్రం' అని ఒక్క ముక్కలో తేల్చలేమని ఈ రెండు దేశాలూ చూపిస్తున్నాయి. ఎంతమందిని లోపలికి వదిలారు, బయటికి దారి ఎంత ఉంది అన్నదాన్ని బట్టే ఉంటుంది.

చక్రాల కుర్చీ చోటు కూడా వెతకండి. అమెరికాలో 1990 నాటి చట్టం కింద, ముందువాళ్లు లేచి నిలబడినా చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు ఆట కనిపించేలా కట్టాలి. మిగతాచోట్ల ర్యాంప్ ఒకటి వేసి సరిపెట్టారేమో చూడండి.

6. ఎండ ఎటు నుంచి?

క్రికెట్ పిచ్ సాధారణంగా ఉత్తర–దక్షిణంగా ఉంటుంది. సాయంత్రం ఎండ బ్యాటర్ కళ్లలో కొట్టకూడదని. న్యూజిలాండ్‌లోని నేపియర్ మైదానంలో పిచ్ తూర్పు–పడమరగా ఉండడంతో 2019 జనవరిలో భారత్ ఆడుతున్న వన్డేను సూర్యుడి వల్ల కాసేపు ఆపారు! వాన కాదు, ఎండ.

దీంతో మనకు దొరికే సూత్రం తేలికే. మధ్యాహ్నం మ్యాచ్‌కు పడమటి స్టాండ్‌లో నీడ ముందు పడుతుంది, తూర్పు స్టాండ్‌వాళ్లు సూర్యాస్తమయం దాకా మాడతారు. చౌక టికెట్లు ఎటువైపు పెట్టారో, వాటి మీద కప్పు ఉందో లేదో చూడండి. చెన్నై చెపాక్‌లో 2011 ప్రపంచకప్‌కు ముందు పాత కాంక్రీటు తీసేసి గుడ్డలాంటి తెల్లని కప్పులు వేశారు. సముద్రపు గాలి లోపలికి ఆడుతుంది. ఖతార్‌లో 2022 ప్రపంచకప్ స్టేడియాల్లో చాలావాటిలో ఏకంగా సీట్ల కిందనుంచి చల్లగాలి వదిలారు. డబ్బుంటే అదో దారి. మన ఏప్రిల్, మే నెలలకు చెపాక్ దారే అందుబాటులో ఉంటుందనిపిస్తుంది.

7. విరామంలో పరీక్ష

టాయిలెట్లు ఎన్ని అన్నది పెద్దగా పనికిరాని అంకె. లండన్ వెంబ్లీలో 2,618 ఉన్నాయని గొప్పగా చెప్పుకుంటారు. మీకు కావాల్సింది విరామంలో వెళ్లి తిరిగి సీట్లో కూర్చునేదాకా పట్టిన నిమిషాలు. ఆడవాళ్ల లైను వేరుగా కొలవండి, వీలైతే ఇంట్లో ఆడవాళ్లనే అడగండి. చాలా స్టేడియాల రంగు అక్కడే బయటపడుతుంది.

తిండికి నీళ్ల బాటిల్ కొలత చాలు: లోపలి ధర, బయటి ధర. అట్లాంటాలో 2017లో తెరిచిన మెర్సిడెస్ బెంజ్ స్టేడియంలో హాట్‌డాగ్ 2 డాలర్లే పెట్టారు. రేట్లు తగ్గించినా ఒక్కొక్కరు పెట్టే ఖర్చు పెరిగిందని యాజమాన్యమే ప్రకటించింది. జపాన్ బేస్‌బాల్ మ్యాచ్‌ల్లో బీరు పీపా వీపున మోసుకుంటూ అమ్మాయిలు మెట్లెక్కి సీటు దగ్గరికే వస్తారు. ప్రేక్షకుడు ఒక్క బంతీ వదులుకోనక్కర్లేదు.

8. శబ్దం ఎవరిది?

కళ్లు మూసుకుని ఒక ఓవర్ వినండి. వినిపించేది జనమా, స్పీకర్లా? ఐపీఎల్‌లో బంతికీ బంతికీ మధ్య డీజే తీరిక ఇవ్వడు. జపాన్‌లో బాకాలు, డ్రమ్ములు పట్టుకుని అభిమానులే వస్తారు. ఒక్కో బ్యాటర్‌కు ఒక్కో పాట ఉంటుంది, తమ జట్టు బ్యాటింగ్ చేస్తున్నంతసేపే పాడతారు, తర్వాత ఎదుటివాళ్ల వంతు. ఒసాకా దగ్గర 1924లో కట్టిన కోషియెన్ బేస్‌బాల్ స్టేడియంలో స్కూలు పిల్లల మ్యాచ్‌లకే స్టాండ్లు నిండుతాయి. అర్జెంటీనాలో గొడవల వల్ల 2013 నుంచి చాలా ఏళ్లు ప్రత్యర్థి అభిమానులను రానివ్వలేదు. హోరు మిగిలింది, జవాబు చెప్పే గొంతు లేకుండా పోయింది. దక్షిణాఫ్రికాలోని సెంచూరియన్ క్రికెట్ మైదానంలో గడ్డి గట్టు మీద దుప్పటి పరుచుకుని కూర్చునేవాళ్లకు ఈ గోల పట్టదు, పిల్లలు వెనక బంతాట ఆడుకుంటారు.

ఏది గొప్పదో నేను చెప్పను. కానీ స్పీకర్లు ఆపితే ఎంత మిగులుతుంది అన్నది రాసుకోండి.

9. చివరి బంతి తర్వాత

గ్రీన్ గైడ్ ప్రకారం స్టాండ్ ఖాళీ కావడానికి 8 నిమిషాలకు మించి పట్టకూడదు. చివరి బంతి నుంచి గేటు దాటేదాకా ఒక టైము, గేటు నుంచి బండి కదిలేదాకా ఇంకో టైము రాసుకోండి. మొదటిది స్టేడియం తప్పొప్పు, రెండోది ఊరిది. కూర్చోగానే దగ్గరి రెండు దారులూ తెరిచే ఉన్నాయేమో చూసుకోవడం పోలిక కోసమే కాదు. ఇండోనేషియాలోని కంజురుహాన్ ఫుట్‌బాల్ స్టేడియంలో 2022 అక్టోబరు 1న పోలీసులు బాష్పవాయువు వదలగానే జనం ఇరుకు దారుల వైపు పరుగెత్తారు, 135 మంది చనిపోయారు.

10. వెళ్లలేని స్టేడియం సంగతి

అన్ని దేశాలూ తిరగడం ఎవరి వల్లా కాదు. మెల్‌బోర్న్, లార్డ్స్ లాంటి చోట్ల మ్యాచ్ లేని రోజు డబ్బు కట్టి లోపల తిరిగి చూడొచ్చు. దూరం, వాలు, స్తంభాలు, దారుల వెడల్పు అప్పుడు తేలతాయి. లైన్లు, శబ్దం తేలవు.

దానికన్నా మంచి దారి మన బంధువులు. మొదటి జతగా ఉప్పల్‌నూ డాలస్ దగ్గరి గ్రాండ్ ప్రెయిరీనీ తీసుకోండి. అది ఒకప్పటి బేస్‌బాల్ మైదానం, దాన్ని క్రికెట్‌కు తగ్గట్టు మార్చారు. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ అక్కడే మొదలైంది, 2024 జూన్ 6న పాకిస్తాన్‌ను అమెరికా సూపర్ ఓవర్లో ఓడించిందీ అక్కడే. చుట్టుపక్కల తెలుగువాళ్లు బోలెడంత మంది, ఎవరో ఒకరు వెళ్లే ఉంటారు. వాళ్లకు 'ఎలా ఉంది?' అని మెసేజ్ పెడితే 'సూపర్' అని వస్తుంది. దానికి బదులు ఇవి పంపండి: ఇంట్లో బయల్దేరి సీట్లో కూర్చోడానికి ఎంతసేపు? కారు లేకుండా వెళ్లగలమా? అతి చౌక టికెట్ సినిమా టికెట్‌కు ఎన్ని రెట్లు? నీళ్లు తీసుకెళ్లనిచ్చారా? దగ్గరి తాడు కనిపించిందా? ఎండ ఎన్ని గంటల దాకా ముఖాన కొట్టింది? అమ్మమ్మగారు మెట్లు ఎక్కగలరా? విరామంలో వెళ్లి వచ్చేసరికి ఎన్ని బంతులు పోయాయి? పార్కింగ్ లోంచి బయటపడడానికి ఎంతసేపు? ఇవే ప్రశ్నలకు ఉప్పల్ జవాబులు మీరు ముందే నింపి పెట్టుకోండి, లేకపోతే వాళ్ల జవాబులు చూశాక మీ చెయ్యి ఒకవైపుకు మొగ్గుతుంది.